అప్‌డేట్‌తో పోయే రూట్: టాబ్లెట్‌లలో పునరుద్ధరణ

ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో సర్వాధికారాలూ ఉన్న వాడుకరి పేరు రూట్. టాబ్లెట్ కొన్నవాళ్లకు కంపెనీ ఈ అధికారం ఇవ్వదు. కావాలనుకున్నవాళ్లు, టాబ్లెట్ మేలుకునేటప్పుడు వ్యవస్థను మొదలుపెట్టే బూట్‌లోడర్ తాళం తెరిచో, వ్యవస్థలో మిగిలిన లొసుగును వాడుకునో దాన్ని సంపాదించుకుంటారు. కొన్నాళ్లకు తెర మీద కొత్త అప్‌డేట్ వచ్చిందన్న కబురు కనిపిస్తుంది. దాన్ని ఎక్కించి మళ్లీ ఆన్ చేసేసరికి రూట్ ఉండదు. దాని మీద ఆధారపడిన ఖతులు (ఫాంట్లు), బ్యాకప్‌లు, ప్రకటనలను ఆపే ఏర్పాట్లు ఒక్కసారిగా పనిచేయడం మానేస్తాయి. లోపలి ఫొటోలు, ఫైళ్లు చెరిగిపోకుండా ఆ అధికారాన్ని తిరిగి తెచ్చుకోవడమే రూట్ పునరుద్ధరణ.

2008 నుంచి ఇప్పటిదాకా ఇందుకు వాడే పద్ధతులు పలుమార్లు మారాయి. ఆ మార్పుల వెనక ఉన్న కారణం ఒకటే: రూట్ నివాసం మారుతూ వచ్చింది. ఒకప్పుడు అది సిస్టమ్ విభాగంలో ఒక చిన్న ఫైలు. ఇప్పుడు టాబ్లెట్ మేలుకునే తొలి క్షణాల్లో చదివే బూట్ ఇమేజ్‌లో ఒక మార్పు. తమ టాబ్లెట్‌లో రూట్ ఎక్కడుందో తెలిసినవాళ్లకు అప్‌డేట్ దాన్ని ఎందుకు తుడిచేసిందో కూడా తెలుస్తుంది. తెలియనివాళ్లు దొరికిన ప్రతి ఉపాయాన్నీ ప్రయత్నించి, చివరికి లోగో దగ్గర ఆగిపోయిన టాబ్లెట్‌తో మిగులుతారు.

రూట్, ఎస్‌యూ

రూట్ అనే మాట ఆండ్రాయిడ్‌లో పుట్టలేదు. 1970ల నాటి యూనిక్స్‌లో వాడుకలోకి వచ్చి, లినక్స్ మీదుగా ఇక్కడికి చేరింది. యూనిక్స్ కుటుంబంలో ప్రతి వాడుకరికీ ఒక సంఖ్య ఉంటుంది. సున్నా రూట్‌ది. సున్నా సంఖ్యతో నడిచే పనికి సాధారణ అనుమతుల తనిఖీలు అడ్డురావు. పెద్ద కంప్యూటర్‌ను పదిమంది పంచుకునే రోజుల్లో ఒకరి ఫైళ్లు మరొకరు చూడకుండా ఈ సంఖ్యలు కాపాడేవి. ఆండ్రాయిడ్‌ను తయారుచేసినవాళ్లు ఈ ఏర్పాటును వేరే పనికి మలిచారు. మనుషులకు బదులు యాప్‌లను వాడుకరులుగా లెక్కించి, ఒక్కోదానికి 10000 నుంచి మొదలయ్యే సంఖ్య ఇచ్చారు. అందుకే ఆట యాప్ బ్యాంకు యాప్ దాచుకున్నది చదవలేదు. భద్రతకు ఇది మంచి ఆలోచనే. కాకపోతే ఈ లెక్కలో టాబ్లెట్ సొంతదారుకు సంఖ్యే లేకుండా పోయింది.

ఆ లోటు తీర్చేది ‘ఎస్‌యూ’ అనే చిన్న ప్రోగ్రాం. దాని మీద ‘సెట్‌యూఐడీ’ అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న ప్రోగ్రాంను ఎవరు పిలిచినా అది తన యజమాని అధికారంతో నడుస్తుంది. ఎస్‌యూకు యజమాని రూట్. దానికి తోడుగా ఒక యాప్ కాపలా కాస్తుంది. ‘ఫలానా యాప్ రూట్ అడుగుతోంది, ఇవ్వాలా?’ అని తెర మీద అడుగుతుంది. తొలి ఏళ్లలో రూట్ చేయడమంటే ఈ ఎస్‌యూను సిస్టమ్ విభాగంలో పెట్టడమే.

తెలుగు చదువరి అవసరం

రూట్ అనగానే ఆటల్లో మోసాలు, దొంగ యాప్‌లు గుర్తొచ్చేవాళ్లు ఉన్నారు. తెలుగువాళ్ల విషయంలో ఈ కథ ఇంకోచోట మొదలైంది. తొలి ఆండ్రాయిడ్ రూపాల్లో తెలుగు ఖతి లేదు. తయారీ కంపెనీ తనంతట తాను చేర్చకపోతే తెలుగు పేజీ నిండా డబ్బాలే కనిపించేవి. పత్రిక తెరిచినా డబ్బాలే, అమ్మ పంపిన సందేశం తెరిచినా డబ్బాలే. ఒపేరా మినీ బ్రౌజర్ అమరికల్లో ఒక మూల ఉన్న మీట నొక్కితే సంక్లిష్ట లిపుల పేజీలు బొమ్మలుగా మారి వచ్చేవి. చాలామంది అలాగే చదువుకున్నారు. ఆ ఉపాయం ఆ ఒక్క బ్రౌజర్‌కే పరిమితం.

టాబ్లెట్ అంతటా తెలుగు కనిపించాలంటే సిస్టమ్ విభాగంలోని ఫాంట్స్ ఫోల్డర్‌లోకి తెలుగు ఖతి చేరాలి. అది రూట్ లేనిదే సాధ్యం కాదు. ఖతి చేర్చాక కూడా ఒత్తులు సరిగా వచ్చేవి కావు. అక్షరాలను కూర్చే యంత్రాంగం అప్పటి ఆండ్రాయిడ్‌లో భారతీయ లిపులకు సిద్ధంగా లేకపోవడంతో, సంయుక్తాక్షరాలు పొల్లులతో విడివిడిగా పడేవి. ‘అమ్మ’ అన్న మాటే విరిగిపోయి కనిపించేది. అయినా డబ్బాల కన్నా అది నయమనుకున్నారు జనం. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళ లిపులను సక్రమంగా చూపించడం మొదలుపెట్టింది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 మెనూలను కూడా తెలుగులోకి తెచ్చింది. ఈ లోగా వచ్చే ప్రతి చిన్న అప్‌డేటూ సిస్టమ్ విభాగాన్ని సరిచేస్తూ రూట్‌నూ, పైనుంచి చేర్చిన ఖతినీ తీసేసే ప్రమాదం ఉండేది. అలా రూట్ పోయిందంటే తెలుగు పోయినట్టే.

ఆకాశ్ టాబ్లెట్‌ను ఈ సందర్భంలోనే చూడాలి. కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం తలపెట్టిన చవక టాబ్లెట్ అది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైంది. డేటావిండ్ సంస్థ రూపొందించిన ఆ 7 అంగుళాల పలకలను హైదరాబాద్‌లో కూర్చారు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. తెలుగు గడ్డ మీద తయారైన టాబ్లెట్‌లో నడిచిన ఆండ్రాయిడ్‌కు మూలరూపంలో తెలుగు అక్షరం రాదు! 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2లో ఆల్‌విన్నర్ ఏ13 చిప్ వాడారు. ఆ చిప్‌కు ఒక మంచి గుణం ఉంది. మెమరీ కార్డులో వేరే వ్యవస్థ పెడితే లోపలిదాన్ని ముట్టుకోకుండా నేరుగా దాన్నుంచే మేలుకుంటుంది. లోపలి ఆండ్రాయిడ్‌కు ఏ అప్‌డేట్ వచ్చినా కార్డులోనిది చెక్కుచెదరదు. సొంతదారుకు తాళం ఇచ్చిన టాబ్లెట్ అంటే అలా ఉండాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మొదటిసారి పోయిన రూట్

అప్‌డేట్‌తో రూట్ పోవడం ఆండ్రాయిడ్ అంత పాతది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్ టీ-మొబైల్ జీ1 2008 అక్టోబరులో అమ్మకానికి వచ్చింది. కొద్ది వారాల్లోనే అందులో ఒక వింత లోపం బయటపడింది. కీబోర్డు మీద ఏది టైపు చేసినా, అది తెర మీద పడడంతోపాటు తెర వెనక రూట్ అధికారంతో నడుస్తున్న కమాండ్ గుమ్మానికి కూడా చేరేది. సందేశంలో ఒక కొత్త వరుసలో ‘రీబూట్’ అని రాస్తే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. అదే దారిలో ‘టెల్‌నెట్‌డీ’ అని టైపు చేసి జనం రూట్ సంపాదించారు. గూగుల్ వెంటనే ఆర్‌సీ30 అనే అప్‌డేట్ పంపి ఆ గుమ్మం మూసేసింది.

అప్పుడు జనం రెండు పనులు చేశారు. ఒకటి, మెమరీ కార్డు ద్వారా పాత ఆర్‌సీ29ను ఎక్కించి వెనక్కి వెళ్లడం, మళ్లీ రూట్ తీసుకోవడం. రెండు, కొత్త ఆర్‌సీ30లోనే ఎస్‌యూ చేర్చి, సంతకపు తాళాలు మార్చి, సొంతంగా తయారుచేసిన రూపాన్ని ఎక్కించడం. వెనక్కి వెళ్లడం, లేదా కొత్తదాన్నే ముందుగా మార్చి ఎక్కించడం: పునరుద్ధరణకు మొదట దొరికిన ప్రధాన మార్గాలు ఈ రెండు. మొదటిది క్రమంగా మూసుకుపోయింది. రెండోది నిలిచింది.

దాచిపెట్టిన ఎస్‌యూ

2011, 2012 సంవత్సరాల్లో మోటరోలా జూమ్, ఏసుస్ ట్రాన్స్‌ఫార్మర్, నెక్సస్ 7 వంటి టాబ్లెట్‌లు వచ్చాయి. వాటికి తరచుగా అప్‌డేట్‌లు వచ్చేవి. అప్‌డేట్ వచ్చినప్పుడు సిస్టమ్ విభాగంలోని ఫైళ్ల అనుమతులను వరుసగా సరిచేసేవారు. ఆ సర్దుబాటులో ఎస్‌యూ మీదున్న సెట్‌యూఐడీ గుర్తు ఊడిపోయేది. ఫైలు ఉండేది కానీ పనిచేసేది కాదు.

ఫ్రెంచి డెవలపర్ సూపర్‌క్యూరియో రాసిన వూడూ ఓటీఏ రూట్‌కీపర్ అనే యాప్ దీనికి చక్కని విరుగుడు. అప్‌డేట్‌కు ముందే అది ఎస్‌యూకు ఒక నకలు తీసి, సిస్టమ్ విభాగంలోనే మరో చోట దాచేది. ఆ ఫోల్డర్‌కు ‘మాకు రూట్ కావాలి’ అని అర్థం వచ్చే ఇంగ్లిషు పేరు పెట్టాడు. దాచిన ఫైలు మీద యాప్ ‘మార్చరాదు’ అనే గుర్తు వేసేది. ఎక్స్‌టీ4 రకం ఫైల్ వ్యవస్థలో ఆ గుర్తున్న ఫైలును రూట్ కూడా, గుర్తు తీయనిదే, చెరపలేదు. అప్‌డేట్ పూర్తయ్యాక యాప్ తెరిచి ‘రూట్ పునరుద్ధరించు’ మీట నొక్కితే చాలు, దాచిన నకలు నుంచి ఎస్‌యూ మళ్లీ తన చోటికి వచ్చేది. కంప్యూటర్ అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. పునరుద్ధరణ ఇంత సులువుగా మరెప్పుడూ లేదు.

ఆ సులువు ఎక్కువ కాలం నిలవలేదు. 2013 జులైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3, యాప్‌ల నుంచి పిలిచినప్పుడు సెట్‌యూఐడీ గుర్తును లెక్కచేయడం మానేసింది. దాచిన ఎస్‌యూ ఉన్నచోటే ఉండి పనికిరాకుండా పోయింది. చైన్‌ఫైర్ పేరుతో ప్రసిద్ధుడైన యోరిట్ యోంగ్మా తన సూపర్‌ఎస్‌యూ అనే రూట్ యాప్‌లో దీనికి దారి కనిపెట్టాడు. టాబ్లెట్ మేలుకునేటప్పుడే రూట్ అధికారంతో ఒక సేవకుణ్ణి మొదలుపెట్టించాడు. యాప్‌లు అడిగినప్పుడు ఎస్‌యూ ఆ సేవకుడికి కబురు చేస్తుంది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 ఇంకో రెండు అడ్డుగోడలు కట్టింది. ఏ ప్రోగ్రాం దేన్ని ముట్టుకోవచ్చో నిర్దేశించే ఎస్‌ఈలినక్స్ నియమాలు పూర్తిగా అమల్లోకి వచ్చాయి. అప్‌డేట్‌లు ఫైలు ఫైలుగా కాక, విభాగాన్ని ముక్కలుగా కోసి సరిపోల్చే పద్ధతికి మారాయి. సిస్టమ్ విభాగంలో ఒక్క బైటు మారినా లెక్క తప్పి అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోయేది. అంతకుముందు అప్‌డేట్ రూట్‌ను తీసేసేది. అప్పటి నుంచి రూట్ అప్‌డేట్‌ను రానివ్వకుండా చేసింది. మరమ్మతు దుకాణాల్లో ‘రూట్ ఉంటే అప్‌డేట్ ఎక్కదు’ అనే మాట అప్పుడే స్థిరపడింది.

ఆనకట్ట దగ్గర మళ్లింపు

తర్వాతి మలుపును ఒక పోలికతో చూద్దాం. తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లా తామరైపాక్కం దగ్గర కొసస్థలియార్ నది మీద ఒక ఆనకట్ట ఉంది. పూండి జలాశయం నుంచి వదిలిన నీరు నదిలో ప్రవహించి అక్కడికి చేరుతుంది. ఆనకట్ట దాన్ని కాలువలోకి తిప్పి చోళవరం చెరువుకు, అక్కడి నుంచి రెడ్‌హిల్స్‌కు, చెన్నై కుళాయిలకు పంపుతుంది. 1996 నుంచి తెలుగుగంగ ద్వారా వచ్చే కృష్ణా నీరు కూడా పూండికే చేరుతోంది. దిగువన ఒక్కో మడికీ గట్టు తెంపుకుంటూ పోవడం వేరు, ఎగువన ఆనకట్ట దగ్గరే నీటిని మళ్లించడం వేరు. తెంపిన గట్టును ఎవరైనా వచ్చి పూడుస్తారు. ఎగువన మళ్లించిన నీరు దిగువన ఏం జరిగినా తన దారిలోనే వస్తుంది.

రూట్ చరిత్రలో 2015 నాటి మలుపు సరిగ్గా అలాంటిదే. ఆ ఏడాది ఆండ్రాయిడ్ 6.0 వచ్చాక చైన్‌ఫైర్ సిస్టమ్ విభాగాన్ని ముట్టుకోవడం మానేసి, బూట్ ఇమేజ్‌ను మార్చాడు. వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్, దానితోపాటు మొదట తెరుచుకునే చిన్న ఫైల్ వ్యవస్థ ఉండే విభాగం అది. అక్కడ ఒక్క మార్పు చేస్తే, సిస్టమ్ చెక్కుచెదరకుండానే రూట్ వస్తుంది. దీన్ని సిస్టమ్‌లెస్ రూట్ అన్నారు. 2016లో టాప్‌జాన్‌వూ అనే పేరుతో రాసే జాన్ వూ మేజిస్క్ విడుదల చేసి ఇదే మార్గాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. సిస్టమ్ ఫైళ్లు మార్చినట్టు కనిపించేలా పైన ఒక పొర పరిచి, అసలు ఫైళ్లను అలాగే ఉంచాడు. తెలుగు ఖతి మార్చాలంటే ఇప్పుడు ఒక మేజిస్క్ మాడ్యూల్ ఎక్కిస్తే సరిపోతుంది. మాడ్యూల్ డేటా విభాగంలో ఉంటుంది కాబట్టి అప్‌డేట్ దాన్ని చెరపదు. 2022 చివర్లో మొదలైన కెర్నల్‌ఎస్‌యూ ఇంకా ఎగువకు వెళ్లి కెర్నల్‌లోనే చేరింది.

ఈ మలుపుతో పునరుద్ధరణ అర్థమే మారిపోయింది. కొత్త అప్‌డేట్ తనతో కొత్త బూట్ ఇమేజ్‌ను తెస్తుంది. మార్చిన పాతది దాని కింద పోతుంది. మాడ్యూళ్లు, అమరికలు, ఏ యాప్‌కు రూట్ ఇచ్చామన్న జాబితా డేటా విభాగంలో అలాగే ఉంటాయి. చేయాల్సిందల్లా కొత్త బూట్ ఇమేజ్‌ను మళ్లీ మార్చి ఎక్కించడం.

నేడు పాటించే పద్ధతి

మొదట తెలుసుకోవాల్సింది టాబ్లెట్‌కు రెండు గదులున్నాయా లేదా అన్నది. 2016లో గూగుల్ పిక్సెల్‌తో వచ్చిన ఏ/బీ అమరికలో ముఖ్యమైన విభాగాలు రెండేసి ఉంటాయి. ఒక గదిలో వ్యవస్థ నడుస్తుండగా అప్‌డేట్ ఖాళీగా ఉన్న రెండో గదిలోకి ఎక్కుతుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు గది మారుతుంది. రూట్ కాపాడుకునే వీలు అప్‌డేట్ ఎక్కడానికీ గది మారడానికీ నడుమే ఉంది. మేజిస్క్ యాప్‌లో ముందు అసలు ఇమేజ్‌లను పునరుద్ధరించాలి, టాబ్లెట్ ఆపకూడదు. అప్‌డేట్ ఎక్కించాక అది ‘రీస్టార్ట్’ అడుగుతుంది. అప్పుడు నొక్కకుండా, మేజిస్క్‌కు తిరిగి వెళ్లి, వాడకంలో లేని గదిలో ఇన్‌స్టాల్ చేసే ఎంపిక తీసుకుని, మేజిస్క్ నుంచే రీస్టార్ట్ చేయాలి. చాలామంది పొరపాటు పడేది ఆ ఒక్క మీట దగ్గరే.

ఆ క్షణం దాటిపోయినా, అసలు రెండు గదులే లేకపోయినా భయపడక్కర్లేదు. బూట్‌లోడర్ తెరిచే ఉంది, డేటా ఉంది. ఇప్పుడు టాబ్లెట్‌లో ఉన్న బిల్డ్ సంఖ్యకు అచ్చంగా సరిపోయే ఫర్మ్‌వేర్ దించుకుని, దానిలోంచి బూట్ ఇమేజ్ తీసి, మేజిస్క్ యాప్‌తో మార్పించి, కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్ అనే సాధనం ద్వారా ఎక్కించాలి. ఆండ్రాయిడ్ 13తో పుట్టిన పరికరాల్లో మార్చాల్సింది బూట్ కాదు, ఇనిట్‌బూట్ అనే వేరే ఇమేజ్. 2023లో వచ్చిన పిక్సెల్ టాబ్లెట్ ఈ కోవలోదే. బిల్డ్ సంఖ్యలో ఒక్క అంకె తేడా ఉన్నా పాత బూట్ ఇమేజ్‌ను కొత్త వ్యవస్థ మీద ఎక్కించకూడదు. కెర్నల్‌కూ దాని మాడ్యూళ్లకూ పొత్తు కుదరక వైఫై పోవచ్చు, తాకినా తెర పలకకపోవచ్చు, లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోవచ్చు. టాబ్లెట్ ‘డెడ్’ అయిందని దుకాణానికి తెచ్చేవాటిలో ఈ రకంవి ఎన్నో ఉంటాయి. సరైన బిల్డ్ తాలూకు మార్పు చేయని బూట్ ఇమేజ్ ఎక్కిస్తే ఇలాంటివి సాధారణంగా బతుకుతాయి. మొత్తం సాఫ్ట్‌వేర్ కొట్టించి ఫొటోలు పోగొట్టుకోనక్కర్లేదు.

శాంసంగ్ టాబ్లెట్‌ల దారి వేరు. వాటికి ఫాస్ట్‌బూట్ లేదు. ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వాడతారు. మార్పు చేసిన శాంసంగ్‌కు గాలిలో వచ్చే అప్‌డేట్ అసలు రాదు. కాబట్టి అప్‌డేట్, పునరుద్ధరణ ఒకే పనిగా సాగుతాయి. కొత్త ఫర్మ్‌వేర్‌లోని ఏపీ అనే పెద్ద ఫైలును టాబ్లెట్‌లోకి తీసుకుని మేజిస్క్‌తో మార్పించి, తిరిగి కంప్యూటర్‌కు తెచ్చి, మిగతా ముక్కలతో కలిపి ఎక్కిస్తారు. తెచ్చేటప్పుడు మామూలుగా ఫైల్ కాపీ చేస్తే పెద్ద ఫైళ్లు చెడే అవకాశం ఉంది కనుక, కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే ఏడీబీ అనే సాధనం ద్వారా లాగమని మేజిస్క్ సూచనలే చెబుతాయి. ఫర్మ్‌వేర్‌లో సీఎస్‌సీ, హోమ్ సీఎస్‌సీ అని రెండు ఫైళ్లుంటాయి. హోమ్ ఉన్నది ఎంచుకుంటే డేటా నిలుస్తుంది, రెండోది ఎంచుకుంటే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇంత పెద్ద తేడా ఇంత చిన్న పేరులో దాగి ఉండడం అన్యాయం. ఏడాది పొడవునా తీసిన ఫొటోలు ఆ ఒక్క ఎంపికలో పోతాయి.

కొన్ని శాంసంగ్ మోడళ్లలో బూట్ ఇమేజ్‌లో మొదట తెరుచుకునే చిన్న ఫైల్ వ్యవస్థ లేక రూట్‌ను రికవరీ విభాగంలో ఉంచుతారు. అలాంటి టాబ్లెట్‌ను ప్రతిసారీ ప్రత్యేకమైన మీటల కలయికతో ఆన్ చేయాలి. మామూలుగా ఆన్ చేస్తే రూట్ లేకుండా లేస్తుంది. దాన్ని చూసి అప్‌డేట్ తీసేసిందనుకుని, ఉన్నదాన్ని మళ్లీ ఎక్కించబోయి చెడగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. రూట్ పోయిందనిపిస్తే ముందు ఇది చూసుకోవాలి.

లొసుగుతో వచ్చినది

బూట్‌లోడర్ తెరవనివ్వని టాబ్లెట్‌లలో రూట్ వచ్చేది వ్యవస్థలోని లొసుగు నుంచే. 2014 జూన్‌లో జార్జ్ హాట్జ్ విడుదల చేసిన టవల్‌రూట్, లినక్స్ కెర్నల్‌లోని సీవీఈ-2014-3153 అనే లోపంతో పనిచేసేది. ఒక్క మీట నొక్కితే రూట్. మీడియాటెక్ చిప్‌లలోని సీవీఈ-2020-0069 లోపం ద్వారా అమెజాన్ ఫైర్ టాబ్లెట్‌లు సహా చవక టాబ్లెట్‌లెన్నో రూట్ అయ్యాయి. 2020 మార్చిలో గూగుల్ భద్రతా అప్‌డేట్ దాన్ని మూసేసింది. ఇలాంటి రూట్‌ను అప్‌డేట్ తీసేసినప్పుడు పునరుద్ధరణ అనేదే ఉండదు. లోపం మూసుకుపోయింది, బూట్‌లోడర్ మూసే ఉంది. మరో లోపం బయటపడేదాకా వేచి ఉండాలి.

అప్‌డేట్‌ను ఎప్పటికీ ఆపేసుకుంటే సరిపోతుందని కొందరి సలహా. ఒప్పుకోవడం కష్టం. రూట్ ఇచ్చిన ఆ లొసుగే ఎవరో పంపిన యాప్‌కు కూడా టాబ్లెట్‌ను అప్పగిస్తుంది. ఒక్క మీటతో రూట్ ఇస్తామంటూ ఊరూపేరూ లేకుండా తిరిగే యాప్‌ల మీద నమ్మకం పెట్టుకోవడం అంతకన్నా చేటు.

వెనక్కి దిగలేని మెట్లు

జీ1 రోజుల్లో పాత రూపానికి వెళ్లి రూట్ తెచ్చుకున్నారని పైన చూశాం. ఆ దారి ఇప్పుడు చాలావరకు లేదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన వెరిఫైడ్ బూట్ కొత్త పద్ధతిలో ఒక మెట్టు సంఖ్య ఉంటుంది; టాబ్లెట్ ఒకసారి ఎక్కిన మెట్టు కంటే కిందిదాన్ని తీసుకోదు. శాంసంగ్ ఫర్మ్‌వేర్ పేరులో చివరి నుంచి ఐదో అక్షరం ఆ మెట్టే. అది పెరిగాక పాతది ఎక్కించబోతే ఓడిన్ ఎర్రగా తిరస్కరిస్తుంది. చిప్‌లోని ఫ్యూజులు కాల్చి ఈ సంఖ్యను రాస్తారు కాబట్టి, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తగ్గించలేదు. టాబ్లెట్‌లో మార్పు జరిగిందా అని చెప్పే శాంసంగ్ నాక్స్ గుర్తూ అలాంటిదే. మార్పు చేసిన బూట్ ఇమేజ్ ఒక్కసారి ఎక్కినా ఆ ఫ్యూజు కాలిపోతుంది. ఆ తర్వాత అసలు ఫర్మ్‌వేర్ వేసినా సెక్యూర్ ఫోల్డర్ పనిచేయదు. తిరిగి రూట్ తెచ్చుకోవచ్చు గానీ, ఈ గుర్తును తెచ్చుకోలేం.

బూట్‌లోడర్ తెరవగానే డేటా అంతా చెరిగిపోవడం కూడా కావాలని పెట్టిందే. టాబ్లెట్ దొంగిలించినవాడు తెరిచి లోపలిది చదవకుండా అది కాపాడుతుంది. అందుకే అప్‌డేట్ తర్వాత ఎవరైనా భయంతో బూట్‌లోడర్ మూసేస్తే చిక్కు రెండింతలవుతుంది. మళ్లీ తెరవాలంటే ఇంకోసారి అంతా పోతుంది. కొన్ని పరికరాలు మార్చిన ఇమేజ్ ఉండగా మూస్తే ఇక లేవవు. హువావే 2018లో బూట్‌లోడర్ తెరిచే సంకేతాలు ఇవ్వడమే మానేసింది. ఆ కంపెనీ టాబ్లెట్ కొన్నవాళ్లకు అప్పటి నుంచి బూట్‌లోడర్ తెరిచే పద్ధతి వర్తించకుండా పోయింది.

ప్రభుత్వం ఇచ్చిన టాబ్‌లు

తామరైపాక్కం నుంచి ఊత్తుకోట దాటితే ఆంధ్రప్రదేశ్. సరిహద్దు గీతకు ఇటూ అటూ రెండు ప్రభుత్వాలూ పిల్లల చేతుల్లో యంత్రాలు పెట్టాయి. తమిళనాడు 2011లో ప్లస్‌టూ విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు మొదలుపెట్టింది. వాటిలో విండోస్‌తో పాటు సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉండేది. విండోస్ చెడి మళ్లీ ఎక్కించినప్పుడు లినక్స్‌ను చూపే మెనూ చెరిగిపోయేది. లినక్స్ లోపల భద్రంగానే ఉన్నా దాన్ని చేరే దారి పోయేది. బూట్ ఇమేజ్ మారి రూట్ పోవడానికి ఇది దగ్గరి బంధువు. రెండింటిలోనూ పోయింది వస్తువు కాదు, దారి.

ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో టాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. ఆ ఏడాది 4,59,564 మంది ఎనిమిదో తరగతి పిల్లలకు, 59,176 మంది ఉపాధ్యాయులకు, మొత్తం 5,18,740 శాంసంగ్ టాబ్‌లు. ఏడాది తర్వాత అదే తేదీన చింతపల్లిలో 4,34,185 టాబ్‌లతో రెండో విడత మొదలైంది. పాఠాలు తప్ప మిగతావి తెరుచుకోకుండా ఎండీఎం అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో వాటిని బిగించారు.

ఈ తాళాన్నీ రూట్‌నూ చాలామంది ఒకటే అనుకుంటారు. ఎండీఎం ఆండ్రాయిడ్ ఇచ్చిన ‘పరికర యజమాని’ హోదాలో నడుస్తుంది. ఆ హోదా వ్యవస్థ నియమాల లోపలిది; రూట్ ఆ నియమాలకు పైది. అప్‌డేట్ రూట్‌ను తుడుస్తుంది గానీ పరికర యజమానిని ముట్టుకోదు. బడి టాబ్‌లో ఒక యాప్ పనిచేయకపోతే అడగాల్సింది ఆ తాళం చేతిలో ఉన్న బడినే. పిల్లవాడి టాబ్‌ను దుకాణంలో ఇచ్చి బూట్‌లోడర్ తెరిపిస్తే లోపలి డేటా అంతా చెరిగిపోతుంది. చట్టం చూసినా అంతే. సమాచార సాంకేతిక చట్టం (2000) 43వ సెక్షన్ కంప్యూటర్ యజమాని, లేదా దాని బాధ్యత చూసే వ్యక్తి అనుమతి లేకుండా చేసే జోక్యాన్ని తప్పుపడుతుంది. సొంత డబ్బుతో కొన్న టాబ్లెట్‌లో ఆ యజమాని మనమే. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్ కూడా, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో సాంకేతిక తాళాలు తెంచడాన్నే నేరమంటుంది. అమెరికాలో ఫోన్ తాళం తీయడానికి 2010లో మినహాయింపు దొరికింది. టాబ్లెట్‌లకు 2012లో అడిగితే, టాబ్లెట్ అంటే ఏమిటో తేల్చలేమని నిరాకరించారు. 2015లో గానీ ఇవ్వలేదు. అక్కడి తెలుగువాళ్లు అప్పటిదాకా ఒక చేతిలోని ఫోన్‌ను చట్టబద్ధంగా తెరిచి, రెండో చేతిలోని టాబ్లెట్‌ను తెరవలేకపోయారు.

బ్యాంకులు, ఖతులు

రూట్ తిరిగి వచ్చాక కొత్త చిక్కు మొదలవుతుంది. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు పరికరం మారిందా అని గూగుల్‌ను అడుగుతాయి. ఒకప్పుడు సేఫ్టీనెట్, ఇప్పుడు ప్లే ఇంటెగ్రిటీ ఆ జవాబు చెబుతుంది. మేజిస్క్‌లో రూట్‌ను దాచే ‘మేజిస్క్‌హైడ్’ ఉండేది. జాన్ వూ 2021లో గూగుల్‌లో చేరాక, 2022 జనవరి రూపంలో దాన్ని తీసేశాడు. చిప్‌లోని తాళపుచెవితో సంతకం చేసి చెప్పే ధ్రువీకరణ వచ్చాక దాచడం మరీ కష్టమైంది. డబ్బు వ్యవహారాలకు ఒక ఫోన్, సొంత ప్రయోగాలకు ఒక టాబ్లెట్ అని విడదీసుకున్నవాళ్లకు ఈ పోరు ఉండదు.

ఖతుల సంగతి ఇప్పుడు వేరుగా ఉంది. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు ఖతి ఒత్తులతో సహా చక్కగా కనిపిస్తుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఖతులను సిస్టమ్ విభాగం బయట, డేటా విభాగంలో ఉంచి, పూర్తి అప్‌డేట్ లేకుండా మార్చే ఏర్పాటు చేశారు. మేజిస్క్ మాడ్యూల్ డేటా విభాగంలో ఖతి దాచి పైన పొర పరిచినట్టే ఇది కూడా. అయితే ఆ తలుపు తాళం గూగుల్ సేవల దగ్గరే ఉంది. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన మండలి ఖతిలోనో, రామభద్ర ఖతిలోనో తన టాబ్లెట్ అంతటా తెలుగు చదవాలనుకుంటే, తయారీ కంపెనీ ఆ వీలు ఇవ్వనిచోట, ఇవాళ్టికీ రూట్ కావాలి. వచ్చే అప్‌డేట్ తర్వాత దాన్ని మళ్లీ తెచ్చుకోవాలి.